ఏ ఆకు, ఏ నీళ్లు, ఎట్లా వండారు: ఆకుకూర చుట్టూ చిక్కుపడ్డ మూడు భయాలు

నల్లగొండ రైతుబజార్‌లో పొద్దున ఏడింటికల్లా ఒక పెద్దమ్మ గోనెపట్టా పరిచి కట్టలు పేర్చుకుంటుంది. పుంటికూర, తోటకూర, పాలకూర, చుక్కకూర, ఓ పక్కన తడిగుడ్డ కప్పిన గంగవాయిలి. మొన్న ఆమె దగ్గర పది నిమిషాలు నిలబడితే ముగ్గురు మూడు రకాలుగా మాట్లాడారు. "పాలకూర నాకొద్దు పెద్దమ్మా, కిడ్నీల రాళ్లున్నయ్ అన్నడు డాక్టరు" అని ఒకాయన పుంటికూర మాత్రమే తీసుకున్నాడు. "కోడలికి రక్తం తక్కువుందట, ఇంకో రెండు కట్టలెయ్యి" అని ఒకామె అదే పాలకూర సంచి నిండా నింపుకుంది. మూడో మనిషి తోటకూర కట్ట చేతిలో పట్టుకుని "ఇది మూసీ నీళ్లదా, బోరుదా?" అని అడిగాడు. "మా బోరు నీళ్లదే బిడ్డా, పొద్దుగాల కోసిన" అంది పెద్దమ్మ. "బోరుదైతే ఫ్లోరైడ్ ఉంటదేమో" అంటూ ఆయన కట్ట కింద పెట్టేసి వెళ్లిపోయాడు.

ముగ్గురి మాటలోనూ నిజం ఉంది. ముగ్గురూ వేరువేరు విషయాలు మాట్లాడుతున్నారన్నదే చిక్కు. రాళ్ల సంగతి ఆకు రకానికి సంబంధించింది. ఫ్లోరైడ్ సంగతి ఎక్కువగా వండే, తాగే నీళ్లకు సంబంధించింది. మూసీ సంగతి పండించిన నీళ్లకు, అమ్మేచోట కడిగిన నీళ్లకు సంబంధించింది. ఈ మూడింటినీ "ఆకుకూర మంచిదా కాదా" అన్న ఒక్క ప్రశ్నలో ముడేస్తే జవాబు దొరకదు. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు రోజుకు 100 గ్రాముల ఆకుకూర తినమంటున్నాయి. మన జిల్లాల్లో ఆ 100 గ్రాములు ఏవై ఉండాలి, ఎట్లా వండుకోవాలి అన్నదే అసలు ప్రశ్న.

ఒక్క పేరు కింద ఎన్ని కుటుంబాలు

కూరగాయల బండి మీద పక్కపక్కన ఉన్నంత మాత్రాన ఇవన్నీ చుట్టాలు కావు. పుంటికూర (ఆంధ్ర వైపు గోంగూర అంటారు) బెండకాయకు, పత్తికి దగ్గరి బంధువు. మెంతికూర పప్పుధాన్యాల కుటుంబం. మునగాకు, చింతచిగురు చెట్ల ఆకులు. మనం పాలకూర అని కొనేది చాలావరకు బీట్‌రూట్ జాతికి చెందిన ఆకు. ఇంగ్లీషు పుస్తకాల్లో స్పినాచ్ అని ఉండేది దాని దాయాది మొక్క, వేరే రకం. రెండింటికీ కొన్ని గుణాలు కలుస్తాయి కాబట్టి పెద్ద నష్టం లేదు కానీ, స్పినాచ్ గురించి చదివింది తెచ్చి మెంతికూరకో పుంటికూరకో అంటగడితే మాత్రం లెక్క తప్పుతుంది. మనలో చాలామంది చేస్తున్నది అదే.

రాళ్ల భయం: అది ఆక్సలేట్, టమాట కాదు

కిడ్నీలో వచ్చే రాళ్లలో ఎక్కువ శాతం కాల్షియం ఆక్సలేట్ రాళ్లు. ఆక్సలేట్ అంటే కొన్ని మొక్కలు తమ ఆకుల్లో తయారుచేసుకునే ఒక ఆమ్లం తాలూకు లవణం. చుక్కకూర నాలుక మీద చురుక్కుమనడానికి, పాలకూర తిన్నాక పళ్లు గరుగ్గా అనిపించడానికి కారణం అదే. ఆక్సలేట్ ఆకులో రెండు రూపాల్లో ఉంటుంది. నీళ్లలో కరిగేది ఒకటి, కాల్షియంతో ముందే గట్టిపడిపోయి కరగనిది ఇంకొకటి. కరిగేదే పేగుల్లోంచి రక్తంలోకి, అక్కణ్నుంచి మూత్రంలోకి చేరి, అక్కడున్న కాల్షియంతో కలిసి గట్టిపడుతుంది. కరగనిది చాలావరకు మలంతో బయటికి పోతుంది.

ఇక్కడే ఆకుకూరలు రెండు జట్లుగా విడిపోతాయి. న్యూజిలాండ్ పరిశోధకులు 2008లో మన దేశపు ఆకుకూరలను పరీక్షించారు. పాలకూర, తోటకూర, చామాకుల్లో కరిగే ఆక్సలేట్ బాగా ఉందని తేలింది. మెంతికూర, కొత్తిమీర, కరివేపాకు, మునగాకు, సోయకూర, ముల్లంగి ఆకు, ఉల్లికాడల్లో ఉన్నది కరగని రకమే. అంటే రాళ్లున్న మనిషికి "ఆకుకూరలన్నీ బంద్" అనాల్సిన పని లేదు. రెండో జట్టు అతని పళ్లెంలో ఉండొచ్చు.

మరి పాలకూర టమాట కలిపి వండితే రాళ్లొస్తాయన్న మాట ఎక్కడిది? ఊరూరా వినిపించే ఈ మాటకు ఆధారం బలహీనం. 100 గ్రాముల పచ్చి పాలకూరలో 600 మిల్లీగ్రాముల పైన ఆక్సలేట్ ఉంటే, అంతే టమాటలో ఉండేది 5 నుంచి 10 మిల్లీగ్రాములు. కిలో టమాటలు వేసినా ఒక పిడికెడు పాలకూరకు సరిరావు. పాలకూర టమాట కూర తిన్నవాళ్లకు ఇబ్బంది వస్తే, అది పాలకూర తెచ్చిన ఇబ్బంది. టమాట మీద నింద పడిందంతే. పైగా పులుపంతా ఒకటే అనుకోవడం కూడా పొరపాటు. చుక్కకూర పులుపులో ఆక్సాలిక్ ఆమ్లం ఉంది. నిమ్మకాయ పులుపు సిట్రిక్ ఆమ్లం, అది మూత్రంలో రాయి కట్టకుండా అడ్డుపడుతుంది.

ఇప్పుడు వంట సంగతి. పాలకూరను ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే కరిగే ఆక్సలేట్ తగ్గుతుంది. ఆకును బట్టి 30 నుంచి 87 శాతం దాకా తగ్గినట్టు ఒక అమెరికా అధ్యయనం చూపింది. మా ఇంట్లో అమ్మ ఇదే చేస్తుంది, కారణం మాత్రం "వగరు పోతది" అంటుంది. మరిగే నీళ్లలో ఆకు వేసి మూడు నిమిషాలు ఉంచి, జల్లిగిన్నెలో వంపుతుంది. కింద గిన్నెలో దిగిన నీళ్లు లేత పచ్చగా, పైన సన్నని నురుగుతో ఉంటాయి. ఆ నీళ్లు నాలుకకు తగిలించి చూస్తే వగరు తెలుస్తుంది. దాంతోపాటు కొంత విటమిన్ సి, ఫోలేట్ కూడా పోతాయి. ఇది నష్టమే. రాళ్లు లేనివాళ్లు ఆ నష్టం భరించాల్సిన అవసరం లేదు.

రెండో దారి పెరుగు. ఆక్సలేట్ ఎట్లాగూ కాల్షియం కోసం వెతుక్కుంటుంది. అది కిడ్నీలో దొరక్కముందే కడుపులో దొరికితే అక్కడే గట్టిపడి బయటికి పోతుంది. గంగవాయిలిలో కరిగే ఆక్సలేట్ ఎక్కువ, దాన్ని పెరుగుతో కలిపినప్పుడు అది బాగా తగ్గినట్టు న్యూజిలాండ్ శాస్త్రవేత్తలే ఇంకో పరిశోధనలో చూపారు. అందుకే రాళ్లున్నవాళ్లు పాలు, పెరుగు మానేయడం తిరగబడే సలహా. కాల్షియం వల్లే రాళ్లు కదా అని పెరుగు మానేసిన మా బంధువొకాయన రెండేళ్లు పాలకూర పప్పు మాత్రం తింటూనే ఉన్నాడు. ఆక్సలేట్‌కు కడుపులో అడ్డం లేకుండా చేసుకున్నాడన్నమాట.

ఇంత చెప్పుకున్నా, పాలమూరు ఎండల్లో రాళ్లకు అన్నిటికంటే పెద్ద కారణం నీళ్లు తక్కువ తాగడం. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేంత తాగమని కిడ్నీ డాక్టర్లు చెబుతారు. చేన్లో పొద్దంతా చెమట కార్చే మనిషి అంత మూత్రం పోయాలంటే ఎన్ని చెంబులు తాగాలో ఊహించండి. ఉప్పు ఎక్కువైతే మూత్రంలోకి కాల్షియం ఎక్కువ దిగుతుంది. ఆకుకూర దీని తర్వాత వచ్చే విషయం.

ఫ్లోరైడ్ భయం: కట్టలో కంటే కుండలో ఎక్కువ

మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు మనుషులకు ఫ్లోరైడ్ గురించి కొత్తగా చెప్పాల్సింది లేదు. వంగిన నడుములు, గార పళ్లు ఇళ్లలో చూసినవాళ్లే. తాగునీటి జాతీయ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసిన మిషన్ భగీరథతో నదీజలాలు ఇళ్లకు వచ్చాక తాగే నీళ్ల కథ చాలా మారింది. వంట నీళ్ల కథ మాత్రం అన్ని ఇళ్లలో మారలేదు. నల్లా నీళ్లు బిందెల్లో తాగడానికి పట్టుకుని, అన్నానికీ పప్పుకూ బోరు నీళ్లు వాడే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందన్నది చాలా ప్రమాదకరమైన అపోహ. ఆవిరయ్యేది నీరు, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉండిపోతుంది. ఒక లెక్క వేసి చూద్దాం. బోరు నీళ్లలో లీటరుకు 3 మిల్లీగ్రాములు ఉందనుకోండి. తోటకూర పప్పుకు ఒక లీటరు, గంజి వంపకుండా వండే అన్నానికి లీటరున్నర పోశారు. మొత్తం రెండున్నర లీటర్లు, 7.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్. నలుగురు తింటే మనిషికి దాదాపు 1.9. రెండు పూటలకు 3.8. ఇదే మనిషి తాగేది మాత్రం 0.5 మిల్లీగ్రాముల నల్లా నీళ్లు, రోజుకు మూడు లీటర్లు అనుకుంటే అది 1.5. అంటే మంచినీళ్లు తాగుతున్నామన్న ధైర్యంతో ఉన్న మనిషి, తాగేదానికి రెండింతలకు పైగా అన్నంలో, కూరలో తింటున్నాడు. వంటకూ నల్లా నీళ్లే వాడితే రోజు మొత్తం కలిపి 2.1 దగ్గర ఆగుతుంది, లేకపోతే 5.3.

ఇక పెద్దమ్మ బోరు నీళ్లతో పండించిన తోటకూర సంగతి. ఫ్లోరైడ్ నీళ్లు పెట్టిన ఆకుల్లో ఫ్లోరైడ్ కొంత పెరుగుతుంది, అది నిజమే. కానీ మనిషి తినేది రోజుకు వంద గ్రాముల ఆకు, తాగేదీ వండేదీ లీటర్ల కొద్దీ నీళ్లు. మొత్తం లెక్కలో పెద్ద వాటా నీళ్లదే. ఫ్లోరైడ్‌ను నిజంగా ఆకులో కూడబెట్టుకునే మొక్క ఒకటుంది, అది తేయాకు. రోజుకు నాలుగైదు టీలు తాగే మనిషి తోటకూర కట్టను చూసి భయపడటం కంటే టీ గ్లాసును లెక్కపెట్టుకోవడం మేలు.

రైతుబజార్‌లో కట్ట కింద పెట్టేసిన ఆ మనిషి ఫ్లోరైడ్‌కు భయపడి, ఫ్లోరైడ్‌ను ఎదుర్కోవడానికి పనికొచ్చేదాన్నే వదిలేసి వెళ్లాడు. కడుపులో కాల్షియం ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి సరిగా కరగని పదార్థంగా మారి, ఒంట్లోకి తక్కువ చేరుతుంది. తిండిలో కాల్షియం లేనివాళ్ల ఎముకలే ఎక్కువ దెబ్బతింటాయి. మధ్యప్రదేశ్‌లోని ఝాబువాలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల ఎముకలు, పళ్లు దెబ్బతినే జబ్బు) ఉన్న పిల్లల కోసం పని చేసినవాళ్లు అక్కడి చేలల్లో వానాకాలం మొలిచే చకోడా ఆకును తినిపించడం మీద దృష్టి పెట్టింది ఇందుకే. అది మన దగ్గర బాటల పక్కన పెరిగే తగిరిసే.

అయితే కాల్షియం అంకె చూసి ఆకును ఎంచుకుంటే మళ్లీ ఆక్సలేట్ దగ్గరికే వస్తాం. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల్లో 100 గ్రాముల పాలకూరలో కాల్షియం సుమారు 82 మిల్లీగ్రాములు. స్పినాచ్ కాల్షియంలో ఒంటికి పట్టేది 5 శాతం చొప్పున, పాలలోది 27 శాతం చొప్పున అని పాత పరిశోధన ఒకటి కొలిచి చెప్పింది. అదే లెక్క పాలకూరకు వేస్తే 82లో 4 మిల్లీగ్రాములు. ఒక గ్లాసు పాలలోని 240లో దాదాపు 65. తోటకూరలో అంకె పెద్దది, 330. కానీ దానిలోనూ ఆక్సలేట్ గట్టిగానే ఉంది. మెంతికూరలో 274, మునగాకులో 314. ఈ రెండింటిలో కాల్షియాన్ని పట్టుకోవడానికి కాచుకుని ఉండే కరిగే ఆక్సలేట్ లేదు. ఎముకల కోసం ఆకు తినాలనుకునే మర్రిగూడ మనిషికి నేనైతే పెరట్లో మునగచెట్టు పెట్టుకోమంటాను.

ఒక హెచ్చరిక మాత్రం చెప్పాలి. ఆకుకూర ఫ్లోరోసిస్‌ను నయం చేయదు. వంగిన ఎముక తిండితో సాపు కాదు. ముందు నీళ్లు మారాలి, తర్వాత తిండి సాయం. అలాగని తిండి చిన్న విషయమూ కాదు. 1973లో జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి నల్లగొండ లాంటి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో కొందరు పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని వైద్య పత్రికలో రాశారు. ఆ పరిశోధన ముందుకు సాగినకొద్దీ జొన్నలో మాలిబ్డినం అనే లోహం ఎక్కువగా ఉండటం, దానివల్ల ఒంట్లోంచి రాగి బయటికి పోవడం వాళ్ల దృష్టికి వచ్చింది. ఒకే ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్లలో జబ్బు ఒకే తీరుగా ఉండకపోవడానికి పళ్లెంలో ఏముందన్నది కూడా ఒక కారణమని నల్లగొండే వైద్యులకు నేర్పింది.

రక్తం తక్కువున్న కోడలికి పాలకూర సరిపోతుందా

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత లెక్కన తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 58 శాతం మందికి రక్తహీనత ఉంది. వాళ్లకు రోజుకు కావాల్సిన ఇనుము 29 మిల్లీగ్రాములు. 100 గ్రాముల పాలకూరలో ఉండేది 3లోపు, తోటకూరలో 4.6, మెంతికూరలో 5.7. ఇందులోనూ కొద్ది భాగమే ఒంటికి పడుతుంది. కాబట్టి డాక్టర్ ఇచ్చిన ఐరన్ గోలీ పక్కన పడేసి రెండు కట్టలు ఎక్కువ వండితే కోడలికి రక్తం పట్టదు.

ఆ కొద్ది భాగాన్ని పెంచుకునే ఉపాయాలు మన వంటల్లో ముందే ఉన్నాయి. పప్పు దించాక పిండే నిమ్మకాయ, పచ్చిపులుసులో తరిగి వేసే పచ్చి ఉల్లిగడ్డ, పోపులో నలిగిన ఎల్లిపాయ. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ ప్రయోగాల్లో ఉల్లి, ఎల్లిపాయ కలిపినప్పుడు ధాన్యాల్లోని ఇనుము ఎక్కువగా అందుబాటులోకి వచ్చింది. ఆమ్‌చూర్, నిమ్మరసం వల్ల కూరగాయల్లోని బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎగా మారేది) కూడా ఎక్కువ అందింది. ఆ కెరోటిన్ నూనెలో కరుగుతుంది కాబట్టి ఒక చెంచా నూనె పోపు కూడా పనిచేస్తుంది. అన్నం తిన్న వెంటనే తాగే టీ మాత్రం ఇనుమును అడ్డుకుంటుంది. గంట ఆగి తాగితే చాలు.

మూసీ భయం: క్రిములు వేరు, లోహాలు వేరు

అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాద్ మురుగును మోసుకుని, బీబీనగర్, పోచంపల్లి, వలిగొండ మీదుగా కేతేపల్లి ప్రాజెక్టు దాటి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే నది మూసీ. దాని ఒడ్డున గడ్డి, వరి, ఆకుకూర పండుతాయి. ప్రక్షాళన మాట వార్తల్లోకి వచ్చినప్పుడల్లా "మూసీ ఆకుకూర విషం" అన్న మెసేజ్ ఫోన్లలో తిరుగుతుంది. ఆ మెసేజ్‌లో రెండు వేరువేరు సమస్యలు కలిసిపోయాయి.

మొదటిది మురుగులోని క్రిములు, నులిపురుగుల గుడ్లు. వీటి విషయంలో దూరం సాయం చేస్తుంది. నది పొడవునా ఉన్న కత్వల (చిన్న అడ్డుకట్టల) దగ్గర నీళ్లు నిలిచి మడ్డి కిందికి దిగడం వల్ల, నగరం దాటి 40 కిలోమీటర్లు వచ్చేసరికి క్రిములు, నులిపురుగుల గుడ్లు బాగా తగ్గుతున్నాయని మూసీ మీద జరిగిన అధ్యయనం ఒకటి గమనించింది. ఉప్పదనం మాత్రం పెరిగింది. మిగిలిన క్రిముల మీద వంట పనిచేస్తుంది. బాగా ఉడికిన కూరలో అవి దాదాపు ఉండవు. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా దగ్గరే అసలు జాగ్రత్త.

ఇందులో మనం ఊహించని మలుపు ఒకటి ఉంది. పాకిస్తాన్‌లోని ఫైసలాబాద్‌లో మురుగునీటితో పండిన కూరగాయలను పొలంలో ఒకసారి, అంగట్లో ఒకసారి పరీక్షించి 2007లో ప్రచురించారు. పొలంలో కంటే అంగట్లో ఉన్నవాటి మీదే క్రిములు ఎక్కువ కనిపించాయి. కారణం అర్థం కావాలంటే మన దగ్గర కట్టలు తాజాగా కనబడటానికి ఏం చేస్తారో చూస్తే చాలు. కోసుకొచ్చిన కట్టలన్నీ ఒకే డ్రమ్ములో ముంచుతారు. మొదటి పది కట్టలకు నీళ్లు తేటగా ఉంటాయి. యాభయ్యో కట్టకు ఆ నీళ్లు టీ రంగులోకి వస్తాయి, పైన చిన్న వేర్లు, గడ్డిపోచలు తేలుతుంటాయి. మధ్యాహ్నం వాడిపోయిన కట్టల మీద చల్లేదీ అవే నీళ్లు. మంచి బోరు కింద పండిన కొత్తిమీర కూడా ఈ డ్రమ్ములో మునిగితే దాని మంచితనం అక్కడే పోతుంది. వేర్లు కోసేసి, ధారగా పారే నీళ్ల కింద ఆకు ఆకు విడదీసి కడగాలని ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పేది ఇందుకే. తరిగాక కడిగితే మాత్రం విటమిన్లు నీళ్లపాలు.

రెండోది సీసం, కాడ్మియం, క్రోమియం లాంటి లోహాలు. వీటిని పొయ్యి ఏమీ చేయలేదు. మురుగునీటితో సాగయ్యే నేలల్లో పండిన పంటల మీద హైదరాబాద్ పరిసరాల్లో జరిగి 2008లో వెలువడిన పరిశోధన, ఆకుకూరల్లో ముఖ్యంగా పాలకూర, తోటకూరల దగ్గర ప్రమాదం ఎక్కువని చెప్పింది. కాయల కంటే ఆకులు లోహాలను ఎక్కువ పోగేసుకుంటాయి. ఈ వాదన బలమైనది, దీన్ని కొట్టిపారేయలేం.

అవతలి వాదన కూడా వినాలి. లోహం నీళ్లలో ఉన్నంత మాత్రాన ఆకులోకి ఎక్కదు. నేల క్షారగుణం, సున్నం పాలు ఎక్కువున్న చోట కాడ్మియం లాంటివి నేలనే అంటిపెట్టుకుని ఉంటాయి. సీసం చాలావరకు దుమ్ము రూపంలో ఆకు పైన పడి ఉంటుంది, కడిగితే కొంత పోతుంది. ఒక పొలం లెక్క పక్క పొలానికి సరిపోదు. ఆకులో సీసం కిలోకు 0.3 మిల్లీగ్రాములు, కాడ్మియం 0.2 దాటకూడదని అంతర్జాతీయ ఆహార ప్రమాణం ఉంది. దాటిందో లేదో ల్యాబ్ పరీక్ష చెప్పాలి, కంటికి తెలియదు. మూసీ ఆకు నల్లగా ఉంటుందని, పెద్దగా ఉంటుందని గుర్తుపట్టేస్తామనేవాళ్లు చూస్తున్నది మురుగులోని నత్రజనిని. యూరియా ఎక్కువేసిన బోరు కింది తోటకూర కూడా అంతే ముదురు పచ్చగా, అంతే నిగనిగలాడుతుంది.

ఒడ్డు మీది రైతు మాట నాకు బాధ కలిగిస్తుంది. ఎండాకాలంలో కూడా ఆగని నీళ్లు అతనికి ఇవే. కంపెనీల రసాయనం, నగరం మురుగు ఆయన కలిపినవి కావు. ఆ నీళ్లలో దిగి నాట్లు వేసే కాళ్లకే ముందు పుండ్లు పడతాయి, కొక్కెపురుగులు పట్టేదీ ఆ ఇంటివాళ్లకే. తినేవాళ్ల భయం గురించి ఇంత రాస్తాం, పండించేవాళ్ల ఒంటి గురించి అందులో పావు వంతు కూడా రాయం.

చెల్కలో దొరికేవి, పెరట్లో వేసేవి

పాలమూరు ఎర్ర చెల్కల్లో తొలకరి పడ్డాక ఎవరూ విత్తకుండా మొలిచే కూరలున్నాయి. గంగవాయిలి, పొన్నగంటి, తుమ్మికూర, లేత గునుగు. బతుకమ్మలో పేర్చే గునుగు పూతకు రాకముందు కూరాకే. గంగవాయిలికి ఇంకో విశేషం ఉంది. నీళ్లు తక్కువైతే అది రాత్రిపూట గాలి పీల్చి మాలిక్ ఆమ్లంగా దాచుకుంటుంది, పొద్దెక్కాక వాడుకుంటుంది. అందుకే పొద్దుగాల కోసింది పుల్లగా, సాయంత్రం కోసింది చప్పగా ఉంటుంది. మామిడికాయ లేని రోజుల్లో పప్పులోకి పొద్దున కోసిందే తెమ్మని మా అవ్వ పంపేది. పత్తిచేన్లలో కలుపుమందు వచ్చాక ఈ కూరలు గట్ల మీదికి జరిగాయి. మందు కొట్టిన చేను గట్టున కూర ఏరుకునేముందు ఎప్పుడు కొట్టారో అడిగి తీరాలి.

పెరట్లో వేసుకునేవాళ్లకు మెంతి మూడు వారాల్లో, తోటకూర నెలలోపు చేతికొస్తాయి. ఎండాకాలంలో పాలకూర సరిగా రాదు, తొందరగా గింజకు పోతుంది, ఏప్రిల్‌లో దాని ధర పెరిగేది అందుకే. ఆ నెలల్లో బచ్చలి తీగ, గంగవాయిలి నిలబడతాయి.

ఒకే ఇంట్లో మూడు అవసరాలుంటే

పైన చెప్పిన లెక్కలన్నీ ఒకే పొయ్యి మీదికి వచ్చినప్పుడు ఏమవుతుందో చూద్దాం. మామకు రాళ్లు, కోడలికి రక్తహీనత, అత్తకు ఎముకల నొప్పులు. వంట నల్లా నీళ్లతోనే. మెంతికూర పప్పు వండి నిమ్మకాయ పిండితే ముగ్గురికీ సరిపోతుంది, పక్కన పెరుగు ఉంటే మామకూ అత్తకూ ఇంకా మేలు. కోడలు తన ఐరన్ గోలీని పెరుగన్నంతో కాకుండా వేరే వేళలో వేసుకోవాలి, కాల్షియం ఇనుమును కూడా అడ్డుకుంటుంది. పాలకూర వండాల్సిన రోజు మామ వాటా ఉడికించి వార్చి, మిగతాది మామూలుగా పప్పులో వేయొచ్చు.

ఈ లెక్క ఆగిపోయే చోట్లు రెండు. కిడ్నీలు పాడై డయాలసిస్ చేయించుకునేవాళ్లకు ఆక్సలేట్ కంటే పొటాషియం పెద్ద గండం. మెంతి, మునగాకు కూడా వాళ్లకు డాక్టర్ చెప్పిన కొలతలోనే, వార్చిన తర్వాతే. గుండె కవాటం మార్చుకుని, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ గోలీలు వేసుకునేవాళ్లకు ఆకుల్లోని విటమిన్ కె ఆ మందు పనిని తగ్గిస్తుంది. వాళ్లు ఆకుకూర మానేయనక్కర్లేదు. ఈ వారం ఎంత తిన్నారో వచ్చే వారమూ అంతే తినాలి, చింతచిగురు కొత్తగా వచ్చింది కదా అని ఒక్కసారిగా రోజూ వండుకోకూడదు.